ఎక్స్-రే ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్ పల్సుకు ఆకారం ఎక్కడ వస్తుంది: కాంతిలోనా, ఎలక్ట్రాన్లలోనా?

ప్రశ్న: ఎచ్చెర్ల విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం రెండవ సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల ఇవ్వవలసిన సెమినారుకు ఎక్స్-రే ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్లను అంశంగా తీసుకున్నాను. యంత్రం స్థూలంగా అర్థమయింది. ఎలక్ట్రాన్ల గుచ్ఛాన్ని దాదాపు కాంతివేగానికి చేర్చి, ఉత్తర దక్షిణ ధ్రువాలు ఒకదాని వెనుక ఒకటి మారుతూ వచ్చే అయస్కాంతాల వరుస, అంటే అండ్యులేటర్, గుండా పంపితే అవి పాములా మెలికలు తిరుగుతూ ఎక్స్-కిరణాలను వెలువరిస్తాయి. కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాలలో ఎల్‌సీఎల్ఎస్ అనే యంత్రం 2009 ఏప్రిల్‌లో ఈ విధంగా 1.5 ఆంగ్‌స్ట్రామ్ (మీటరులో వెయ్యి కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) తరంగదైర్ఘ్యం గల లేజర్ కాంతిని ఇచ్చిందని చదివాను.

నాకు అర్థం కానిది ఆ తరువాతి మాట. ప్రయోగానికి తగినట్లు ఈ పల్సులకు ఆకారం ఇస్తారని కొన్ని వ్యాసాలలో చూశాను. మామూలు ఫెమ్టోసెకండు (సెకనులో పది కోట్ల కోట్లవ వంతు) లేజర్ విషయంలో అది మా పాఠంలోనే ఉంది. పల్సును గ్రేటింగ్‌తో రంగులుగా విడదీసి, మధ్యలో ద్రవస్ఫటికపు తెర పెట్టి, ఒక్కొక్క రంగునూ కావలసినంత ఆలస్యం చేసి, మరో గ్రేటింగ్‌తో మళ్ళీ కలుపుతారు. ఎక్స్-కిరణాలకు ఇదే పద్ధతి ఎందుకు పనికిరాదు? పనికిరాకపోతే ఆకారం ఎలా ఇస్తున్నారు? అసలు ప్రయోగం చేసేవారు ఎలాంటి ఆకారం కోరుకుంటారు? వీడియోలన్నీ సూర్యుడికంటే ఎన్ని రెట్ల ప్రకాశమో చెప్పి అక్కడితో ముగిస్తున్నాయి కనుక, తెలిసినవారు కొంచెం లోతుగా చెప్పగలరని మనవి.

సమాధానం 1: విజయనగరం మాస్టారు

మీ మొదటి ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. మిగిలినవాటికి ఈ యంత్రాలతో నేరుగా పనిచేసినవారు చెబితే బాగుంటుంది.

దృశ్యకాంతికి గాజు వక్రీభవన గుణకం 1.5 కనుక, పలుచని గాజుపలకైనా కాంతిని చెప్పుకోదగినంత ఆలస్యం చేస్తుంది. 1.5 ఆంగ్‌స్ట్రామ్ ఎక్స్-కిరణాలకు ఏ పదార్థం తీసుకున్నా ఆ గుణకానికి 1తో ఉండే తేడా లక్షవ వంతు, పది లక్షల వంతు స్థాయిలోనే ఉంటుంది. దశను మార్చడానికి మందమైన పదార్థం పెడితే అది కాంతిని మింగడం మొదలుపెడుతుంది. పైగా కేంద్రీకరించిన పల్సు ఎంత తీవ్రమైనదంటే, దాని దారిలో పెట్టిన సున్నితమైన తెర ఏదైనా నిలవదు. సిలికాన్, వజ్రం వంటి స్ఫటికాలతో కొంత పని జరుగుతుంది. సన్నని రంగుపట్టీని ఏరుకోవచ్చు, పల్సును రెండుగా చీల్చి ఒకదానిని చుట్టుదారిలో పంపి ఆలస్యంగా చేర్చవచ్చు. అయితే అదంతా ఉన్నదానిలోంచి కోసుకోవడమే. ఇష్టమైన ఆకారాన్ని గీసి ఇచ్చే తెర మాత్రం లేదు. అందుకే ఆకారమిచ్చే పని కాంతి పుట్టకముందే, ఎలక్ట్రాన్లలో జరగాలి.

ఎలక్ట్రాన్లలో ఏమి మార్చాలో తెలియాలంటే ముందు కాంతి ఎలా పుడుతుందో లెక్క వేసి చూడండి. ఎల్‌సీఎల్ఎస్ మొదటి అండ్యులేటర్ ఆవర్తనం, అంటే అయస్కాంతాల అమరిక ఒకసారి తిరిగి వచ్చే దూరం, 3 సెంటీమీటర్లు ఉండేది. 13.6 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రానుకు సాపేక్షతా గుణకం గామా సుమారు 26,600. గామా వర్గానికి రెట్టింపు దాదాపు 141 కోట్లు. 3 సెంటీమీటర్లను దానితో భాగిస్తే 0.21 ఆంగ్‌స్ట్రాములు వస్తుంది. అయస్కాంత బలాన్ని బట్టి వచ్చే గుణకం అక్కడ సుమారు 7 కనుక, రెండింటినీ గుణిస్తే మీరు చెప్పిన 1.5 ఆంగ్‌స్ట్రాములు వచ్చేస్తుంది. సెమినారులో ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపండి.

ఇక లేజర్ గుణం. మన జిల్లాల్లో తప్పెటగుళ్ళు చూడనివారు ఉండరు. రొమ్ముకు తప్పెట కట్టుకున్న ఇరవైమంది ఎవరికి తోచినట్లు వారు కొడితే రొద పుడుతుంది. అందరి దెబ్బా ఒక్కసారి పడితే ఊరవతలికి వినిపిస్తుంది. ఎలక్ట్రాన్లు ఎవరికి వారే వెలిగితే కాంతి తీవ్రత వాటి సంఖ్యకు అనుపాతంలో ఉంటుంది, ఒకే లయలో వెలిగితే సంఖ్య వర్గానికి అనుపాతంలో ఉంటుంది. గుచ్ఛంలో 250 పికోకూలుంబుల ఆవేశం ఉంటే అందులో దాదాపు 156 కోట్ల ఎలక్ట్రాన్లు ఉన్నట్లు లెక్క. తాము వెలువరించిన కాంతే తిరిగి వాటిపై పనిచేసి, ఒక తరంగదైర్ఘ్యం ఎడంతో వాటిని పలుచని పొరలుగా సర్దుతుంది. ఆ సర్దుబాటు మొదలయ్యేది ఎలక్ట్రాన్ల యాదృచ్ఛిక చిందరవందర నుంచే కనుక, ఇక్కడ ముందు నిలబడి దరువు వేసే నాయకుడు లేడు.

దాని పర్యవసానం ముఖ్యమైనది. ఎలక్ట్రాను ఒక ఆవర్తనం దాటేసరికి కాంతి దానికంటే ఒక తరంగదైర్ఘ్యం మాత్రమే ముందుకు జరుగుతుంది. 100 మీటర్ల అండ్యులేటర్‌లో సుమారు 3,300 ఆవర్తనాలు ఉంటాయి కనుక మొత్తం జరిగే దూరం అర మైక్రోమీటరు, అంటే 1.7 ఫెమ్టోసెకండ్లు. గుచ్ఛం 50 ఫెమ్టోసెకండ్ల పొడవు ఉంటే దాని తోక చేసిన చప్పుడు తలకు చేరే అవకాశమే లేదన్నమాట. అందువల్ల బారులో ఎక్కడికక్కడ చిన్న చిన్న జట్లు తమ లయను తామే కుదుర్చుకుంటాయి గాని, జట్టుకూ జట్టుకూ పొత్తు ఉండదు. బయటికి వచ్చే పల్సు నున్నని గోపురంలా కాక, దగ్గర దగ్గరగా నిలిచిన వందలాది సూదిమొనలలా ఉంటుంది. ఆ మొనల అమరిక కూడా ఒక పల్సులో ఉన్నట్లు మరో పల్సులో ఉండదు.

సమాధానం 2: రాజాం నుంచి

మాస్టారి వివరణకు కొనసాగింపుగా రాస్తున్నాను. మాది రాజాం. కొన్నేళ్ళుగా యాక్సిలరేటర్ల మీద పని చేస్తూ బయట ఉంటున్నాను.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గాని, ఈ యంత్రాల్లో ఆ సామెత సగమే చెల్లుతుంది. ఎలక్ట్రాన్లు పుట్టేది రాగి కాథోడ్ మీద అతినీలలోహిత లేజర్ పడినప్పుడు. ఆ లేజర్ ఆకారాన్ని మారిస్తే గుచ్ఛం ఆకారం మారుతుంది, నిజమే. కాని శక్తి తక్కువగా ఉన్న ఆ దశలో ఎలక్ట్రాన్లు ఒకదానినొకటి వికర్షించుకుంటాయి, ఆపై గుచ్ఛాన్ని అయస్కాంతపు మలుపుల్లో వందల రెట్లు నొక్కుతారు. ఈ రెండింటి వల్లా పుట్టుకలో ఇచ్చిన ఆకారం చాలావరకు చెరిగిపోతుంది. చిన్న హెచ్చుతగ్గులు పెద్దవవుతాయి కూడా. కనుక మొక్కను కొంత వంచి, మానును దారి మధ్యలో మళ్ళీ వంచవలసి వస్తుంది.

దారి మధ్యలో చేసే పనుల్లో నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది అల్యూమినియం రేకు. గుచ్ఛాన్ని నొక్కడానికి ముందు, దాని తలకూ తోకకూ శక్తిలో తేడా ఉండేలా వేగవర్ధకాన్ని సర్దుతారు. అలాంటి గుచ్ఛం నాలుగు అయస్కాంతాల మలుపులోకి వచ్చినప్పుడు, ఎక్కువ శక్తి గలవి తక్కువగా వంగి, తక్కువ శక్తి గలవి ఎక్కువగా వంగి, మలుపు మధ్యలో అన్నీ పక్కకు పరచుకుంటాయి. అంటే ఒకదాని వెనుక ఒకటిగా ఉన్నది ఆ ఒక్కచోట పక్కపక్కకు మారుతుంది. సరిగ్గా అక్కడ కొద్ది మైక్రోమీటర్ల మందం గల రేకు పెట్టి, అందులో వి ఆకారంలో చీలిక తీస్తారు. చీలిక గుండా పోయిన ఎలక్ట్రాన్లే తరువాత లేజర్ కాంతిని ఇస్తాయి. రేకును పైకీ కిందికీ జరిపితే చీలిక వెడల్పు మారుతుంది కనుక, పల్సు కాలవ్యవధి కూడా మారుతుంది. రెండు చీలికలు తీస్తే ఒకదాని వెనుక ఒకటిగా రెండు పల్సులు వస్తాయి. ఫెమ్టోసెకండ్ల విషయాన్ని ఒక రేకును మిల్లీమీటర్లలో జరిపి తేల్చడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

లేజర్ హీటర్ అనే మరో సాధనం ఉంది. గుచ్ఛంలో పుట్టే అవాంఛిత అలజడిని అణచడానికి పరారుణ లేజర్‌తో ఎలక్ట్రాన్ల శక్తిలో కొంచెం వ్యాప్తి కలిగిస్తారు. వ్యాప్తి మరీ పెరిగితే ఆ ఎలక్ట్రాన్లు లేజర్ పనికి రావు. ఈ లోపాన్నే ఉపాయంగా వాడుకుని, గుచ్ఛంలో ఏ భాగం వెలగకూడదో ఆ భాగాన్ని మాత్రమే ఎక్కువగా వేడెక్కించేలా ఆ పరారుణ పల్సుకు ఆకారం ఇచ్చి చూశారు. విద్యార్థి గారు అడిగిన దృశ్యకాంతి పద్ధతి చివరికి ఈ దొడ్డిదారిన ఎక్స్-కిరణాలలోకి వచ్చిందని చెప్పవచ్చు. ఇటలీలోని ట్రియెస్టేలో ఉన్న ఫెర్మీ యంత్రం ఇంకా సూటిగా వెళుతుంది. బయటి లేజర్ పల్సుతోనే ఎలక్ట్రాన్లకు లయ నేర్పి, దాని ఉన్నతస్వరాలను, అంటే దాని పౌనఃపున్యానికి పూర్ణ గుణిజాలైన కాంతిని, వెలిగిస్తుంది. మాస్టారి పోలికలో చెప్పాలంటే అక్కడ దరువు వేసే నాయకుడు ఉన్నాడు. అయితే ఆ పద్ధతి కొద్ది నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకే వస్తుంది, ఆంగ్‌స్ట్రామ్ దాకా రాదు.

ఆంగ్‌స్ట్రామ్ స్థాయిలో బయటి నాయకుడు దొరకడు కనుక, 2012లో ఎల్‌సీఎల్ఎస్ వారు తమ కాంతినే నాయకుడిగా పెట్టుకున్నారు. అండ్యులేటర్ మొదటి సగంలో పుట్టిన కాంతిని పలుచని వజ్రపు స్ఫటికం గుండా పంపి, సన్నని రంగుపట్టీని ఏరి, రెండో సగంలో దానితోనే ఎలక్ట్రాన్లకు లయ అందించారు. వర్ణపటం వెడల్పు నలభై యాభై రెట్లు తగ్గింది.

సమాధానం 3: అరసవల్లి వీధి

నేను భౌతికశాస్త్రం చదివినవాడిని కాను, ఆసక్తితో చదువుతున్నాను. రేకులోని చీలిక మాట వినగానే మా అరసవల్లి గుడి గుర్తుకు వచ్చింది. మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు మాత్రమే తొలి సూర్యకిరణాలు గోపుర ద్వారం నుంచి అనివెట్టి మండపం గుండా వచ్చి స్వామివారి పాదాలను తాకుతాయి. మిగిలిన రోజుల్లో గోడలూ స్తంభాలూ అడ్డుకుంటాయి. రేకు కూడా ఆ విధంగానే కావలసిన కిరణాన్ని వదిలి మిగిలినదాన్ని ఆపుతుందని అర్థం చేసుకోవచ్చా?

రాజాం నుంచి (అరసవల్లి వీధి గారికి)

పోలిక సొగసుగా ఉందండీ. కాని ఒక్క చోట అది దారి తప్పిస్తుంది, ఆ ఒక్క చోటే అసలు విషయం ఉంది. గోడ కాంతిని ఆపుతుంది, రేకు ఎలక్ట్రాన్లను ఆపదు. ఎన్నో గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఎలక్ట్రానును అంత పలుచని రేకు ఆపలేదు. దానిలోని పరమాణువులకు తగిలి ఎలక్ట్రాన్ల దిశలు కొంచెం కొంచెం చెదురుతాయి, అంతే. అవి చీలికలోంచి వచ్చినవాటితో కలిసి అండ్యులేటర్ చివరిదాకా ప్రయాణం చేస్తాయి. కాని లయలో కుదురుకోవడానికి కావలసినంత ఒద్దికగా ఉండవు కనుక వెలగలేవు. గుడిలో చెప్పాలంటే, గోడ ఉండదు, కాంతి అంతా లోపలికి వస్తుంది, ద్వారం గుండా వచ్చినది మాత్రమే పాదాల మీద స్పష్టంగా పడుతుంది, మిగిలినది మసకగా చెల్లాచెదురవుతుంది. ఇందువల్ల నష్టమూ ఉంది. గుచ్ఛంలో ఎక్కువ భాగం వృథా అవుతుంది కనుక పల్సు శక్తి తగ్గుతుంది.

సమాధానం 4: బొబ్బిలి కెమిస్ట్రీ

ప్రయోగం చేసేవారికి ఏమి కావాలన్న ప్రశ్న మిగిలిపోయింది. నేను రసాయనశాస్త్రం వైపు నుంచి చెబుతాను.

మొదట వచ్చిన కోరిక పొట్టి పల్సు. ఇంత తీవ్రమైన కిరణం తగిలితే ప్రోటీన్ అణువు పేలిపోక తప్పదు. అయితే పేలడానికి పరమాణువులు కదలాలి, కదలడానికి కొంత కాలం పట్టాలి. ఆ లోగానే వివర్తన చిత్రం తీసేసుకోవచ్చని 2000లో లెక్కకట్టి చూపారు. 2011లో ఎల్‌సీఎల్ఎస్ వద్ద ఫోటోసిస్టమ్-1 అనే ప్రోటీన్ నానోస్ఫటికాలను ధారగా వదులుతూ, ఒక్కొక్క స్ఫటికానికి ఒక్కొక్క పల్సు చొప్పున లక్షలాది చిత్రాలు తీసి నిర్మాణాన్ని తేల్చారు. స్ఫటికం మిగలదు, చిత్రం మిగులుతుంది.

రెండవది జంట పల్సులు. మొదటి పల్సు అణువులో ఒకానొక పరమాణువు లోపలి ఎలక్ట్రానును ఊడగొడుతుంది, రెండవది కొద్ది ఫెమ్టోసెకండ్ల తరువాత వచ్చి ఆ అణువు ఏమయిందో చూస్తుంది. రెండింటి రంగులూ వేరుగా ఉండాలని కూడా కోరుతారు, ఎందుకంటే ఒక్కొక్క మూలకానికి శోషణ అంచు, అంటే అది ఎక్స్-కిరణాలను ఒక్కసారిగా ఎక్కువగా మింగడం మొదలుపెట్టే శక్తి, వేరు. ఇనుముకు అది 7.1 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, మాంగనీసుకు 6.5 దగ్గర ఉంటుంది. ఒక రంగును అంచుకు కింద, మరొకదానిని పైన పెట్టుకుంటే ఆ మూలకాన్ని పేరుపెట్టి పలకరించినట్లే.

ఇక మా వర్ణపటశాస్త్రం వారి కోరిక దీనికి పూర్తిగా ఎదురు. మాకు రంగు సన్నగా ఉండాలి, అది పల్సు పల్సుకూ మారకూడదు. పల్సు పొడవుగా ఉన్నా పరవాలేదు. కనుక మంచి ఆకారం అంటే ఏదని అడిగితే, ఎవరి ప్రయోగానికి అని ఎదురు ప్రశ్న వేయవలసి ఉంటుంది. నా అభిప్రాయంలో పత్రికలు పొట్టి పల్సుల పందెం గురించి రాసినంతగా ఈ సన్నని రంగు గురించి రాయవు, అది కొంత అన్యాయమే.

ఎచ్చెర్ల విద్యార్థి

అందరికీ ధన్యవాదాలు. ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. మరో రెండు సందేహాలు. ఒకే గుచ్ఛం నుంచి రెండు రంగులు ఎలా వస్తాయి? పల్సు ఆకారం ప్రతిసారీ మారుతుందని మాస్టారు అన్నారు కదా, అయితే ఈసారి వచ్చిన ఆకారం ఇదీ అని ఎలా తెలుసుకుంటారు? ఫెమ్టోసెకండులో కాంతి కదిలేది 0.3 మైక్రోమీటరు. దాన్ని పట్టుకునే డిటెక్టర్ ఉండదు కదా.

రాజాం నుంచి

రెండవ సందేహం ముందు తీసుకుంటాను. ఎలక్ట్రానిక్ డిటెక్టర్ ఏదీ అంత వేగంగా స్పందించదన్నది నిజం. ఇక్కడ కూడా జవాబు కాంతిలో కాక ఎలక్ట్రాన్లలోనే దొరుకుతుంది. అండ్యులేటర్ దాటి కాంతికి దూరంగా మళ్ళిన గుచ్ఛాన్ని ఒక రేడియో తరంగ కుహరం గుండా పంపుతారు. ఎల్‌సీఎల్ఎస్‌లో దాని పౌనఃపున్యం సుమారు 11.4 గిగాహెర్ట్జ్. ఆ తరంగం గుచ్ఛం తలను ఒక పక్కకు, తోకను మరో పక్కకు నెడుతుంది. ఆపైన అయస్కాంతంతో శక్తి ప్రకారం నిలువుగా విడదీసి తెర మీద పడేస్తే, అడ్డంగా కాలమూ నిలువుగా శక్తీ ఉన్న పటం వస్తుంది. కాంతిని ఇచ్చిన ఎలక్ట్రాన్లు ఆ మేరకు శక్తిని పోగొట్టుకుంటాయి. కావాలని లయ కుదరనీయకుండా ఒక పటం, కుదిరిన తరువాత మరో పటం తీసి, ఏ క్షణంలో ఎంత శక్తి తగ్గిందో చూస్తే పల్సు ఆకారం బయటపడుతుంది. ఖర్చయిన డబ్బును సంచిలో మిగిలినదాన్ని బట్టి తెలుసుకున్నట్లన్నమాట. స్పష్టత దాదాపు ఒక ఫెమ్టోసెకండు వరకు వస్తుంది. కాంతిని తాకకుండానే ప్రతి పల్సుకూ ఇది చేయవచ్చు కనుక, ప్రయోగం తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది, తరువాత దత్తాంశాన్ని పల్సు ఆకారాల వారీగా వేరుచేసుకోవచ్చు. అన్ని పల్సులూ ఒకేలా ఉండేట్లు చేయడం కంటే ఏది ఎలా ఉందో రాసిపెట్టుకోవడం చాలాసార్లు సులువు.

రెండు రంగులకు అనేక మార్గాలున్నాయి. అండ్యులేటర్‌ను రెండు భాగాలు చేసి, ఒక్కొక్క భాగంలో అయస్కాంత బలాన్ని వేరుగా పెట్టడం అన్నిటికంటే పాతది. మాస్టారి లెక్కలోని ఆ 7 మారితే రంగు మారుతుంది కదా. చిక్కు ఏమిటంటే, మొదటి భాగంలో బాగా వెలిగిన ఎలక్ట్రాన్లు అలసిపోతాయి, రెండో రంగు బలహీనపడుతుంది. దానికి 2016 నాటి ఒక ఉపాయం మంచి పరిష్కారమయింది. గాడులు పెట్టిన లోహపు పలకల పక్కగా గుచ్ఛాన్ని నడిపితే, తల రేపిన విద్యుత్ క్షేత్రం తోకను పక్కకు తన్నుతుంది. ఇప్పుడు తల, నడుము, తోక వేర్వేరు దారుల్లో ఊగుతుంటాయి. మొదటి భాగంలో తోకను, రెండో భాగంలో తలను తిన్నగా నడిపిస్తే, ప్రతి రంగుకూ అలసట ఎరుగని ఎలక్ట్రాన్లే దొరుకుతాయి. మధ్యలో ఒక అయస్కాంతపు మలుపు పెట్టి, రెండు పల్సుల మధ్య ఎడాన్ని సర్దుతారు.

ఇంకా పొట్టి పల్సులు కావాలంటే గుచ్ఛం మొత్తాన్ని కాక, అందులో ఒక్కచోట మాత్రమే ఎలక్ట్రాన్లను కుప్పపోస్తారు. ఆ కుప్ప మాత్రమే వెలుగుతుంది. ఎల్‌సీఎల్ఎస్‌లో ఈ దారిన మృదు ఎక్స్-కిరణాలలో 280 అటోసెకండ్ల (అటోసెకండు అంటే ఫెమ్టోసెకండులో వెయ్యో వంతు) పల్సులు సాధించినట్లు 2020లో ప్రకటించారు. 2023 నోబెల్ బహుమతి వచ్చిన అటోసెకండు పల్సులు వాయువులో లేజర్‌తో పుట్టించినవి. సెమినారులో ఆ రెండింటినీ కలపవద్దు, ఎవరో ఒకరు తప్పక పట్టుకుంటారు.

విజయనగరం మాస్టారు

ఒక చిన్న లెక్క ఇస్తాను, చేసి చూడండి. నున్నని గాసియన్ పల్సుకు కాలవ్యవధినీ శక్తి వెడల్పునూ గుణిస్తే కనీసం 1.8 వస్తుంది, ఫెమ్టోసెకండ్లలోనూ ఎలక్ట్రాన్ వోల్టులలోనూ కొలిస్తే. పొట్టి పల్సూ సన్నని రంగూ రెండూ కావాలని బొబ్బిలి వారు ఎందుకు అడగలేకపోయారో అందులోనే ఉంది.

మన దేశంలో ఎక్కడ చూడవచ్చని సెమినారులో అడుగుతారు కనుక అదీ చెబుతాను. ఇందోర్‌లోని రాజా రామన్న కేంద్రంలో ఉన్న ఇండస్-2 అనేది 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల సింక్రోట్రాన్, అంటే ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పే యంత్రం. ఎక్స్-కిరణాలను ఇస్తుంది గాని అది లేజర్ కాదు. అదే కేంద్రంలో ఫ్రీ ఎలక్ట్రాన్ లేజర్ కూడా ఉంది, అది పరారుణ కాంతిది. ఎక్స్-రే లేజర్ మీద పని చేయదలచిన మనవారు విదేశీ యంత్రాలకు ప్రతిపాదన పంపి, నిపుణుల పరిశీలనలో నెగ్గి సమయం సంపాదించుకోవాలి.

ఎచ్చెర్ల విద్యార్థి

లెక్క చేశాను మాస్టారూ. 280 అటోసెకండ్లకు కనీసం 6.5 ఎలక్ట్రాన్ వోల్టుల వెడల్పు వచ్చింది. సరేనా?

విజయనగరం మాస్టారు

సరే. అయితే కనీసం అన్న మాటను వదలకండి. గుచ్ఛంలో తలకూ తోకకూ శక్తి తేడా ఉంటే పల్సులో కూడా ముందు ఒక రంగు, వెనుక ఒక రంగు వస్తాయి, అప్పుడు కొలిచిన వెడల్పు మీ 6.5 కంటే ఎక్కువే ఉంటుంది.